పసిపిల్లల చేతిపనులు

ఫిలింనగరు పరిసరములందు నివసించువారికి “24 క్రాఫ్ట్స్” అను మాట క్రొత్తది కాదు. చలనచిత్ర నిర్మాణమున పాలుపంచుకొను శాఖలన్నిటిని కలిపి మన చిత్రసీమవారు ఆ పేరుతో పిలుతురు. వానిలో తెరమీద ముఖము కనబడు శాఖలు కొన్ని మాత్రమే. తక్కినవానిలో పెక్కు చేతిపనులే. వడ్రంగి కొయ్య కోయును. మౌల్డరు అచ్చు పోయును. పెయింటరు నిన్నటి ప్లైవుడ్డు పలకను తెల్లవారునప్పటికి నూఱేండ్లనాటి కోటగోడగా మార్చును. దర్జీ రాజుగారి అంగరఖా కుట్టును. మదరాసునందుండిన తెలుగు చిత్రపరిశ్రమ క్రమక్రమముగా హైదరాబాదునకు తరలివచ్చిన కాలమున, 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసిన పిమ్మట, ఈ రాతిగుట్టల నడుమకు నటులతోపాటు ఈ పనివారును వచ్చి స్థిరపడిరి. వారి బిడ్డలును, జూబ్లీహిల్సు బంగళాలలోని బిడ్డలును నేడు మా తరగతులలో ఒకరి ప్రక్క నొకరు కూర్చుండుట కలదు.

ఇందఱు చేతిపనివారి నడుమ పెరుగుచున్న మన పసివారు తమ చేతులతో ఏమి చేయుచున్నారని విచారించితిని. బంగళాలోని బిడ్డకు గదినిండ ఆటవస్తువులు గలవు. వానిలో మీట నొక్కవలసినవే హెచ్చు. బస్తీలోని బిడ్డను తల్లి తెల్లవాఱక మునుపే పనికి పోవుచు అక్కకు అప్పగించి పోవును; అక్కకు వంటపని, నీళ్లపని ఉండును. కడకు ఇరువురి చేతిలోను ఉన్నది ఒక్కటే: సెల్‌ఫోను. కావున మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వఱకు గల పిల్లలతో, కొలదిపాటి ఖర్చుతో, దినమునకు పావుగంట తీరిక గల తల్లిదండ్రులు సయితము ఇంట చేయదగిన కొన్ని చేతిపనులను వివరించుట ఈ వ్యాసోద్దేశము.

చేతిపనులు చదువునకు అడ్డమని తలంచువారు మనలో ఇప్పటికిని పెక్కురు గలరు. “మావాడిని బొమ్మలు చేయడానికి పంపలేదు టీచర్, అక్షరాలు నేర్చుకోడానికి పంపాం” అని ఒక తండ్రి నాతో అనెను. ఆయన కోరికలో తప్పు లేదు. కాని అక్షరమునకు పోవు త్రోవ బొమ్మల మీదుగానే పోవుచున్నది. మూడేండ్ల బిడ్డ చూచి వలయము గీయగలదు. నాలుగేండ్లకు కూడిక గుర్తు, ఆ పిమ్మట చతురస్రము, అయిదేండ్లకు త్రికోణము వచ్చును. ఇది సామాన్యముగా కనబడు క్రమము. బిడ్డకును బిడ్డకును కొన్ని నెలల భేదముండును. మన తెలుగు అక్షరములలో ఎన్ని మలుపులు గలవో చూడుడు. ‘ఒ’ వ్రాయవలెనన్నను వ్రేళ్లు వంపు తిరిగి, తలచిన చోట ఆగవలెను. ‘ఋ’ సంగతి చెప్పనే యక్కఱలేదు. ఆ పట్టు పలకమీద పదేపదే రుద్దించుటవలన మాత్రమే రాదు. మట్టి పిసుకుట, కాగితము చించుట, దారమున పూలు గ్రుచ్చుట మొదలగు పనులవలన వ్రేళ్లకు బలమును, నిదానమును అలవడును. పూర్వము వీథిబడులలో పిల్లలచేత ఇసుకలో వ్రేలితో దిద్దించుచుండిరి. ఆ పంతుళ్లకు శాస్త్రము తెలియకపోయినను సంగతి తెలియును.

శాస్త్రము చెప్పినవారును తరువాత పలువురు కలిగిరి. జర్మనీ దేశమున ఫ్రోబెల్ పండితుడు 1837లో పసివారి కొఱకు బడి పెట్టి, బంతులను, కొయ్య దిమ్మెలను, మడచు కాగితములను పాఠ్యపుస్తకముల స్థానమున నుంచెను. మన దేశమున 1937లో వార్ధాయందు జరిగిన విద్యాసభలో గాంధీమహాత్ముడు చేతివృత్తిని కేంద్రముగా చేసికొని విద్య గఱపవలెనని ప్రతిపాదించెను. మేరియా మాంటిసోరి 1939లో మదరాసు అడయారునకు వచ్చి, యుద్ధకాలమున ఈ దేశమందే చిక్కుపడి, 1946 వఱకు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వయస్సును పునాదిదశగా నిర్ణయించి, ఆటద్వారా, పనిద్వారా నేర్పవలెనని చెప్పుచున్నది. ఇన్నియు చెప్పుచున్నను మన ఇండ్లలో బిడ్డ చేతికి కత్తెర యిచ్చుటకు జంకుదుము.

చేతిపని యన్న పేరుతో నేడు జరుగుచున్నదంతయు చేతిపని కాదు. ఒక పాఠశాలలో ప్రదర్శనము చూచుటకు పోయితిని. అయిదేండ్ల బాలుని పేర థర్మోకోలుతో చేసిన చార్మినారు ఒకటి అచట నుండెను. నాలుగు మినారులును తీర్చి దిద్దినట్లున్నవి. లోపల విద్యుద్దీపములు సయితము వెలుగుచున్నవి. అది దుకాణమున వెల పెట్టి చేయించినదని చూచినంతనే తెలియుచున్నది. ఆ బాలుడు మినారుమీద వ్రేలు పెట్టబోగా తండ్రి “ముట్టుకోకు, పాడవుతుంది” అని కసరెను. తన పేరు వ్రాసియున్న వస్తువును ముట్టుటకు ఆ బిడ్డకు అధికారము లేకపోయెను! దానికి బహుమానము కూడ వచ్చినది. ప్రక్కబల్లమీద ఒక బాలిక మట్టితో చేసిన మేకకు మూడు కాళ్లే యుండెను. నాలుగవదేమాయెనని అడుగగా, “అది కూర్చుంటోంది” అని చెప్పెను. నిజమే, మేక కూర్చుండునప్పుడు ముందుకాలు ఒకటి మడచును. ఆ బిడ్డ మేకను చూచినది.

కనుక నేను చెప్పబోవు పనులలో చివర తయారగు వస్తువును లెక్కింపవలదు. అది వంకరగా నుండవచ్చును, విఱిగిపోవచ్చును. పని జరుగుచున్నంతసేపును బిడ్డ ఏమి చూచెను, ఏమి ఎంచుకొనెను, చేయి ఎట్లు సవరించుకొనెను అనునవి ముఖ్యము. పెద్దలు వస్తువు సమకూర్చి, అపాయము లేకుండ చూచి, తక్కినది విడువవలెను. ఆవునకు నీలపురంగు వేసినచో వేయనిండు.

రంగుల మాట వచ్చినది గనుక అచటనే మొదలిడెదము. రంగుల పెట్టె కొనవలసిన పని లేదు, వంటయింట కలదు. పసుపును కొంచెము నీటిలో కలిపి తెల్లకాగితముమీద పూసి ఆరనిండు. మఱియొక గిన్నెలో బట్టలసబ్బు నీరు పెట్టి, చీపురుపుల్ల కొనకు దూది చుట్టి, దానితో ఆ పసుపు కాగితముమీద బొమ్మ గీయనిండు. గీత పడినంతనే ఎఱ్ఱనగును. నాలుగేండ్ల బిడ్డకు ఇది ఇంద్రజాలము. పదేండ్లవానికి రసాయనశాస్త్ర పాఠము. పసుపులోని వర్ణద్రవ్యము క్షారము తగిలినప్పుడు ఎఱ్ఱబాఱును. పసుపున సున్నము కలిపి పారాణి చేయు మన అవ్వలకు ఇది తెలిసినదే. ఐతే పిల్లలకు సున్నము ఈయరాదు, కంటిలో పడిన కీడు చేయును, సబ్బునీరు చాలును. ఆ యెఱ్ఱగీతమీద నిమ్మరసము చుక్క వేసినచో మరల పసుపుపచ్చ యగును. ఇట్లే శంఖుపుష్పములను వేడినీటిలో నానవేసిన నీలపు రసము వచ్చును. దానిలో నిమ్మరసము పిండిన ఊదారంగునకు తిరుగును. బీటుదుంప తురుము పిండిన ఎఱుపు, పాలకూర నూఱిన ఆకుపచ్చ, బొగ్గు నూఱిన నలుపు. మాఘ ఫాల్గునములలో మోదుగుపూలు దొరికిన వానిని కాచి నారింజవన్నె తీయవచ్చును; తెలంగాణ పల్లెలలో హోలీ పండుగకు చిరకాలముగా ఆ రంగునే చల్లుకొనుచున్నారు. వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాక గ్రామమందు పనివారు చెట్ల బెరళ్లు, వేళ్లు, గింజలనుండి రంగులు తీసి, లక్కలో కలిపి, అంకుడు కఱ్ఱ బొమ్మలకు పట్టించుచున్నారు. బిడ్డ నోట పెట్టుకొనినను భయము లేని బొమ్మలు కావలయునన్న అవి మేలైనవి.

కొనిన రంగులను గూర్చి ఒక హెచ్చరిక. గోడలకు, తలుపులకు వేయు ఎనామెలు రంగులు పిల్లల చేతికి ఈయకుడు. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లను మించరాదని భారత ప్రభుత్వము 2016లో నియమము చేసినది. ఇంట ఏ మూలనో పడియున్న పాతడబ్బాలో ఎంత సీసమున్నదో ఎవరు చెప్పగలరు? సీసము బిడ్డల మెదడునకు చెఱుపు చేయును. సెట్టింగుల పనివారు మిగిలిన రంగు ఇంటికి తెచ్చుట మన బస్తీలలో పరిపాటి కనుక ఈ మాట వ్రాయుచున్నాను.

ఇక మట్టిపని. జూబ్లీహిల్సు నేల రాయి, మొరము. బంకమన్ను త్రవ్విన దొరకదు. వినాయకచవితి దినములలో బజారున అమ్మకమునకు వచ్చు మట్టిని కొంత కొని, తడిగుడ్డ చుట్టి మూతగల డబ్బాలో నుంచినచో నెలలకొలది పనికివచ్చును. మట్టి దొరకనప్పుడు రెండు గిన్నెల గోధుమపిండికి ఒక గిన్నెడు ఉప్పు చేర్చి, ముప్పాతిక గిన్నె నీటితో కొంచెము కొంచెముగా తడుపుచు చపాతీముద్దవలె పిసికిన చాలును. ఉప్పువలన అది త్వరగా చెడిపోదు. ఒక తల్లి ఈ సంగతి విని “తినే పిండితో ఆటలా టీచర్?” అని అడిగినది. ఆమె అడిగినది న్యాయమే. అప్పటినుండి పురుగు పట్టిన పిండినే ఇందుకు వాడుడని చెప్పుచున్నాను. ఆ ముద్దను అరచేతులమధ్య దొర్లించి త్రాడు చేయుట మూడేండ్ల బిడ్డకు మొదటి పని. ఆ త్రాటిని చుట్టిన పాము, నత్త, జిలేబి, గంప. మఱికొన్ని దినములకు ‘ఠ’, ‘ర’, ‘ల’. మన అక్షరములు ఇంత చక్కగా చుట్టుకొనునవి గనుక వానిని ముందుగా త్రాడుతో చేయించి, పిదప పలకమీద వ్రాయింపుడు. బిడ్డ చేతికి అప్పటికే ఆ దారి తెలిసియుండును.

అయిదేండ్లు దాటిన పిల్లలకు కాగితపు గుజ్జు మంచిది. పాత వార్తాపత్రికలను ముక్కలుగా చింపి రెండు దినములు నానవేసి, నీరు పిండి, నానిన మెంతులు చేర్చి రుబ్బవలెను. ఈ గుజ్జును బోర్లించిన గిన్నెమీద ఒత్తి ఆరబెట్టి మన ముత్తవ్వలు తట్టలు చేసికొనుచుండిరి. మెంతులు జిగురును ఇచ్చును, పురుగును దూరముగా నుంచును. చింపుటయు, పిండుటయు, ఒత్తుటయు అన్నియు పిల్లలు చేయగల పనులే. రుబ్బుట మాత్రము పెద్దలది. దీనికంటె గట్టి ముద్ద కావలయునన్న చింతగింజలను వేయించి, పైతోలు తీసి, నానవేసి, మెత్తగా రుబ్బి, నీటితో ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలుపవలెను. కొండపల్లి పనివారు తెల్లపొణికి కఱ్ఱతో బొమ్మ చెక్కి, చేతులు కాళ్లు అతుకుటకు ఇట్టి ముద్దనే వాడుదురు. దానిని మక్కు అందురు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ముఖాకృతులు చేయుటకును చింతగింజల జిగురు, రంపపు పొట్టే ఆధారము. ఫిలింనగరులో రంపపు పొట్టునకు కొఱవ లేదు. ఐతే ప్లైవుడ్డు కోసిన పొట్టులో జిగురు మందులుండును, అది వలదు. మామూలు కొయ్య కోసిన పొట్టును జల్లించి తీసికొనుడు.

ఇచట ఒక సంగతి చెప్పవలెను. మా రెండవ తరగతిలో, ఇంట పెద్దలు తమ చేతితో చేయు పని యేదో వచ్చి చెప్పుడని పిల్లలను కోరితిమి. పలువురు చెప్పిరి. ఒక బాలుడు మాత్రము తలవంచుకొని “మా నాయన ఏం చెయ్యడు, షూటింగులకు పోతడు” అనెను. విచారింపగా అతని తండ్రి మౌల్డరు. సెట్టింగులకు ప్లాస్టరుతో స్తంభములు, గోపురపు బొమ్మలు పోయువాడు. షూటింగు లేని యొక దినమున ఆయనను తరగతికి పిలిచితిమి. ఆయన ఒక మట్టిపలకమీద రావియాకు నుంచి, ఒత్తి, తీసివేసి, చుట్టును అట్టముక్కలు నిలిపి, కలిపి తెచ్చిన ప్లాస్టరును పోసెను. అరగంటకు విడదీసి చూపగా ఆకు ఈనెలలో ఒక్కటియు తప్పకుండ తెల్లగా నిలిచియున్నది. తరగతి నిశ్శబ్దమాయెను. తరువాత ఆయన సంచిలోనుండి ఒక స్తంభపు తునుక తీసి చేతికిచ్చి, “ఇది రాయి గాదు బిడ్డా, లోపల అంతా డొల్లనే. కొబ్బరిపీసు ఏసి పోస్తం, లేకుంటే పలుగుతది” అని చెప్పెను. పిల్లలు దానిని తట్టి చూచిరి, వాసన చూచిరి, ఎత్తి చూచిరి. 2003లో ‘ఒక్కడు’ చిత్రమునకు కళాదర్శకుడు అశోక్ కుమారుగారు నిలిపిన చార్మినారును, 2004లో ‘అర్జున్’ చిత్రమునకు తోట తరణిగారు నిలిపిన మధుర మీనాక్షి ఆలయమును తెరమీద చూచినవారికి, ఆ రాతిగోడలవెనుక ఇట్టివారి చేతులు ఎన్ని పనిచేసెనో తెలియదు. మఱుసటి దినమునుండి ఆ బాలుని ప్రక్కన కూర్చుండుటకు పిల్లలు పోటీపడిరని చెప్పిన అతిశయోక్తి యగును గాని, ఆకు అచ్చు పోయునప్పుడు సందేహము వచ్చిన వాఱందఱు అతనినే అడుగుట నేను చూచితిని.

ఆకు అచ్చు ఇంట చేయగోరువారు ఈ జాగ్రత్త పాటింపవలెను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నీటితో కలిసి గట్టిపడునప్పుడు వేడి పుట్టును. దానిలో చేయి ముంచి అచ్చు తీయుదమను ఉబలాటము పిల్లలకు తప్పక కలుగును. చేయి బయటికి రాకమునుపే అది బిగిసి, చర్మమును కాల్చగలదు. చేతి అచ్చు కావలయునన్న ముందు చేతిని మట్టిలో ఒత్తించి తీయించి, ఆ గుంటలో ప్లాస్టరు పోయవలెను. పొడి ఎగిరి ముక్కులోనికి పోకుండ కలిపెడి పని పెద్దలే చేయవలెను. మిగిలిన దానిని మోరీలో పోయకుడు; గొట్టము మూసికొనిపోవును.

ఆకులకు ప్లాస్టరే యక్కఱలేదు. కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనపు ప్రహరి వెలుపల కాలిబాటమీద రాలిన ఆకులే చాలును. లోపలివి సంరక్షిత వనములోనివి, ఏఱరాదు. ఆకు వెనుకవైపున రంగు పూసి కాగితముమీద ఒత్తిన ఈనెలు పడును. రావియాకును రెండు మూడు వారములు నీట నాననిచ్చి, నడుమ నీరు మార్చుచు, మెత్తని బ్రష్షుతో పచ్చని గుజ్జును తొలగించిన జాలీవలె సన్నని యల్లిక మిగులును. వేసవిలో తాటాకు దొరికినచో పిల్లలకు పండుగే: బూర, గిలక, చిలుక, గాలికి తిరుగు పంక, తాటాకు బొమ్మలకు పెండ్లి చేయని బాల్యము మన పల్లెలలో అరుదు. మట్టల ఆదివారమునకు తెచ్చిన ఆకులు మిగిలినప్పుడు మా చిన్నపిల్లలు వానిని అల్లి చాపలు చేయుదురు. క్రిస్మసు నక్షత్రమునకు వెదురుబద్దలు చీల్చుట మాత్రము ఎనిమిదేండ్ల లోపువారిచేత చేయింపరాదు. కాగితము అంటించుట వారికి విడువుడు. ముగ్గును గూర్చి వేఱుగ చెప్పవలెనా? మూడు చుక్కల ముగ్గు అయిదేండ్ల బిడ్డ వేయగలదు. దానియందు లెక్కయు, రేఖాగణితమును ఉన్నవి. ఇంటిముందు నిత్యము జరుగు పని గనుక మనకు కానరావు.

ఫిలింనగరు పిల్లలకు తగినవి మఱి రెండు పనులు కలవు. రెండును సినిమాకు తాతముత్తాతలే.

మొదటిది నీడబొమ్మ. ధర్మవరమునకు దాపుననున్న నిమ్మలకుంటలో నేటికిని తోలుబొమ్మలు చేయు కుటుంబములు గలవు. మేకతోలును పలుచగా గీకి, రంగులు వేసి, నగల స్థానమున చిన్నచిన్న రంధ్రములు పొడిచి, తెల్లని తెర వెనుక దీపమునకు ముందు ఆడింతురు. రంధ్రములగుండ వచ్చిన వెలుగు రత్నములవలె మెఱయును. ఆ విద్యకే దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. ఇంట దీనికి పాత శుభలేఖ అట్ట, చీపురుపుల్ల, దుప్పటి, టార్చిలైటు చాలును. బిడ్డ గీసిన ఆకారమును బిడ్డయే మొనలేని కత్తెరతో కత్తిరింపవలెను. రంధ్రములు సూదితో పెద్దలు పొడువవలెను. చేతిని వేఱుగా కత్తిరించి భుజమువద్ద దారపు ముడితో కలిపినచో బొమ్మ చేయి ఊపును. పాడైన రంగుకాగితపు ముక్కను కన్నమునకు అంటించిన తెరమీద రంగునీడ పడును. బొమ్మను దీపమునకు దగ్గఱగా జరిపిన నీడ ఏల పెద్దదగునని బిడ్డ అడుగును. వెంటనే చెప్పివేయకుడు, జరిపి చూడుమనుడు. నూనెదీపము వలదు, దుప్పటి దగ్గఱ నిప్పు ప్రమాదము.

రెండవది పంజరములో చిలుక. మూడు అంగుళముల గుండ్రని అట్ట తీసికొని, ఒకవైపు చిలుకను, రెండవవైపు పంజరమును గీయవలెను. పంజరమును మాత్రము తలక్రిందుగా గీయవలెను. ఇది మఱచిన చిలుక పంజరమునకు బయట శీర్షాసనము వేయును, పిల్లలు అదియే బాగున్నదందురు. కుడి యెడమల అంచులందు రెండు రంధ్రములు చేసి దారములు కట్టి, వ్రేళ్లతో మెలిపెట్టి లాగినచో అట్ట గిఱ్ఱున తిరుగును, చిలుక పంజరములో నున్నట్లు కనబడును. 1825 ప్రాంతమున లండనులో ఈ ఆటవస్తువు ప్రసిద్ధికెక్కినది. వేఱువేఱు చిత్రములు వేగముగా వచ్చిన మన మెదడు వానిని ఒకటిగా కలుపుకొనును. సినిమాలో సెకనుకు 24 చిత్రములు పోవుచుండుటచేతనే బొమ్మ కదలినట్లు తోచును. నోటుపుస్తకపు పుటల మూలలందు ఎగురు బంతిని కొంచెము కొంచెముగా జరుపుచు గీసి, పుటలను బొటనవ్రేలితో గబగబ వదలినను ఇదే వింత. లెక్కల పుస్తకమున గీయవలదని ముందుగానే చెప్పియుంచుడు.

అన్నిటికంటె ఎక్కువ దినములు సాగునది చిన్న ఊరు కట్టుట. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ చిత్రమున కనబడు ద్వారకానగరము నిజముగా అరచేతి యిండ్ల ఊరే. మాధవపెద్ది గోఖలే, కళాధర్ అను కళాదర్శకుల పర్యవేక్షణలో, 50 అడుగులు 60 అడుగుల స్థలమున సుమారు 300 చిన్న యిండ్లు కట్టి, దీపములు వెలిగించి, మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణముతో దానిని మహానగరముగా చూపిరి. మా పిల్లలు వసారాలో రెండు బల్లల మేర ఊరు కట్టిరి. అగ్గిపెట్టెలు, మందుల డబ్బాలు, బిస్కెట్టు అట్టలు, చెప్పుల పెట్టెలు ఎవరి యింటివి వారు తెచ్చిరి. గుట్టలకు నలిపిన కాగితముమీద గంజి పూసి బూడిదరంగు వేసిరి. ఫిలింనగరు బస్తీలో ఇంటిప్రక్కనే బండరాయి యుండుట అందఱు ఎఱిగినదే కనుక గుట్టలే ముందు లేచినవి.

చిక్కు ఇండ్లతో వచ్చినది. ఒక బాలిక తన యింటిని అగ్గిపెట్టెతో చేసినది, ఒకటే గది. మఱియొకడు చెప్పుల పెట్టెతో బంగళా చేసి, దానికి ఇంతయెత్తు తలుపు పెట్టెను. ఆ తలుపున అగ్గిపెట్టె యిల్లు మొత్తము దూరిపోవును. ఏది సరియో నేను చెప్పలేదు. ఒక అంగుళపు కాగితపు మనిషిని కత్తిరించి వారి చేతికిచ్చి, ఈయన ఊరిలోని ఏ యింటికైనను పోగలుగవలెనంటిని. వారే ఆ మనిషిని ఇల్లిల్లు త్రిప్పిరి. అగ్గిపెట్టె యింట అతడు వంగవలసివచ్చుటచే ఆ బాలిక గోడలు పెంచినది. బంగళా తలుపునకు పైభాగము మూసివేసిరి. కొలత యనగా ఏమో వారికి బోధింపవలసిన అక్కఱ లేకపోయెను. కిటికీలు కోయుట పెద్దల చేతిపని. బల్ల క్రింద టార్చిలైట్లు పెట్టి, అట్టలో రంధ్రములు చేసి, వసారా తలుపులు మూసి, ఊరికి దీపములు వెలిగించిరి.

ఇంట ఇంత చోటు లేనివారు మంచము క్రింద పట్టునట్లు ఒక పాత తలుపు చెక్కమీద కట్టవచ్చును. దుమ్ము పట్టినప్పుడు డబ్బాలను విప్పి, చదునుచేసి దాచి, సెలవులలో మఱియొక ఊరు కట్టవచ్చును. మా పిల్లలు మొదటి ఊరిలో బస్సు ఆగుచోటు పెట్టుట మఱచిపోయిరి. రెండవమారు ముందుగా దానినే పెట్టిరి.